మంచం నుంచి గడియ దాకా

భయపడితే గుండె దడదడలాడుతుందని అందరూ చెబుతారు. నా విషయంలో ముందు పాడయ్యేది ముక్కు. చుట్టుపక్కల ఎక్కడా నిప్పు లేకపోయినా బొగ్గు వాసన వస్తుంది. తర్వాత చెవులు మూసుకుపోతాయి. ఆ తర్వాత చూపు కుంచించుకుపోయి ఎదురుగా ఉన్నదొక్కటే కనిపిస్తుంది, పక్కన ఏముందో తెలియదు. గుండె వంతు అన్నిటికంటే ఆఖరున వస్తుంది. అప్పటికి బుర్ర పనిచెయ్యడం మానేసి చాలాసేపై ఉంటుంది. ఈ వరస నాకిప్పుడు కంఠతా వచ్చు. నేర్చుకోవడానికి మాత్రం భిలాయిలో ఒక చలికాలం, ఒక వేసవి పట్టాయి. డెబ్భైల చివరి రోజులవి.

మా ఆయనది ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం. పెళ్ళయిన వారానికే నన్ను విజయనగరంలో రైలెక్కించి, సెక్టర్ 2లో రెండు గదుల క్వార్టరులో దింపారు. కాంక్రీటు కప్పు, అద్దాల కిటికీలు, ప్రతి తలుపుకీ ఇనప గడియ. మా పుట్టిల్లు పెంకుటిల్లు. అక్కడ తలుపులకి గొలుసు గొళ్ళేలుండేవి. గుమ్మం పైకి చెయ్యి చాచి గొలుసు ఎత్తి వదిలితే గలగలమంటూ జారేది. ఇరవై రెండేళ్ళు ఆ గొలుసే ఎత్తాను. క్వార్టరు గడియ రొమ్ము ఎత్తున ఉంటుంది. దాని పిడి పైకి తిప్పి పక్కకి లాగాలి. రెండేళ్ళుగా రోజుకి ఇరవైసార్లు లాగుతున్నాను కాబట్టి ఆ పని నాకు బాగా అలవాటైందనే అనుకున్నాను.

మొదటి కాన్పుకి నేను పుట్టింటికి వెళ్ళలేదు. దానికి కారణం ఒక ఉద్యోగం. కర్మాగారం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటర్లు కావాలన్నారు. ఇంటర్వ్యూ సరిగ్గా నాకు ఆరో నెలలో పడింది. కుచ్చిళ్ళు రెండు ఎక్కువ పెట్టి, సర్టిఫికెట్ల ఫైలు పొట్టకి అడ్డం పట్టుకుని వెళ్ళి, అడిగినవన్నీ ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెప్పి వచ్చాను. వాళ్ళకి తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఆర్డరు ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు, వచ్చిన పదిహేను రోజుల్లో చేరాలన్నారు. నేను కదలనని భీష్మించుకున్నాను. నాన్న పోయి మూడేళ్ళయింది, అమ్మకి అక్కడ ఎదురుచూసే పని ఏమీ లేదు, ఆవిడే వచ్చింది.

వస్తూ వస్తూ గోనెసంచిలో చుట్టి మట్టి కుంపటి తెచ్చింది. సాంబ్రాణి, వాము, పత్యం కారం కూడా. మా వీధిలో ఎవరింట పురుడొచ్చినా అమ్మకే కబురొచ్చేది. బాలింత మంచం కింద కుంపటి ఎంత దూరంలో ఉండాలో, పసిపిల్లకి సాంబ్రాణి పొగ ఎంతసేపు పట్టాలో ఆవిడ చెబితే ఇంక అప్పీలు లేదు. ఆ పనితనం మీద ఆవిడకి గర్వం, నాకు నమ్మకం.

పాప జనవరి మొదట్లో పుట్టింది. భిలాయి చలి అమ్మ ఎన్నడూ చూసింది కాదు.

"ఇదేటి సలే, ఎముకల్లోకి దూరిపోతన్నాది," అంటూ గోడ పైభాగంలో ఉన్న గాలి కన్నాలన్నిటిలో పాత పేపర్లు, చిరుగు చీరలు కుక్కింది. మా ఊళ్ళో వాడే సరుగుడు బొగ్గులు ఇక్కడ దొరకవు. మా ఆయన డిపో నుంచి కర్మాగారం కొలుముల్లో వాడే కోక్ బొగ్గు తెచ్చారు. అది ఒకసారి రాజుకుందంటే ఎర్రగా కణకణలాడుతుందే తప్ప పొగ రాదు. అమ్మ తెగ మురిసిపోయింది.

"సుక్క పొగ నేదు సూడు. ఎంత మంచి బొగ్గే ఇది."

పొగ లేకపోతే భయం లేదన్నది అమ్మకి తెలిసిన సంగతి. పెంకుటింట్లో అది నిజమే. పొగ ముందు కళ్ళకి తగిలి హెచ్చరిస్తుంది, తర్వాత పెంకుల సందుల్లోంచి తన దారిన తను పోతుంది. కాంక్రీటు గదిలో కోక్ వదిలే విషగాలి అలా హెచ్చరించదు, దానికి పోయే దారీ లేదు. ఇది మా ఇద్దరికీ తెలియదు. అమ్మ నలభై ఏళ్ళుగా చేస్తున్న పనినే, నలభై ఏళ్ళుగా చేస్తున్నట్టే చేసింది.

తొమ్మిదో రోజు. మా ఆయన తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్ళారు. అమ్మ పాపకి నూనె రాసి నీళ్ళు పోసి, నాకూ పోసి, ఇద్దరికీ సాంబ్రాణి పట్టి, కుంపటి మంచం కింద పెట్టింది. గది తలుపు సరిగా మూసుకునేది కాదు, గాలికి తెరుచుకునేది. అందుకని గడియ వేసింది. తను కింద చాప మీద నడుం వాల్చింది. బయట ఎనిమిదైనా మంచు విడలేదు. నా తల బరువుగా ఉంది. వేణ్ణీళ్ళు పోసుకుంటే నిద్రొస్తుంది కదా అనుకున్నాను.

పాప పాలకి లేచే వేళకి నాకు మెలకువ వచ్చింది. పాప మాత్రం లేవలేదు. అది పుట్టాక ఆ వేళకి ఏడవకుండా ఉండడం అదే మొదలు. "అమ్మా" అని పిలిచాను, అమ్మ పలకలేదు, నోరు తెరిచి ఉంది. మంచం దిగబోతే కాళ్ళు నా మాట వినలేదు. అప్పుడు అర్థమైంది. ఏమిటో అర్థం కాలేదు కానీ, ఏదో అయిపోతోందని మాత్రం అర్థమైంది. పాకుతూ తలుపు దగ్గరికి వెళ్ళి, ద్వారబంధం పట్టుకుని నిలబడి, గుమ్మం పైకి చెయ్యి చాచి గొలుసు కోసం వెతికాను.

గొలుసు దొరకదు. ఉంటేగా దొరకడానికి. గోళ్ళు విరిగేలా గోడ గీకాను. గడియ నా రొమ్ముకి గుచ్చుకుంటూనే ఉంది. నా చెయ్యి మాత్రం నన్ను అడక్కుండా విజయనగరం వెళ్ళిపోయి అక్కడి గొలుసు వెతుకుతోంది.

అదే సమయానికి పక్క క్వార్టరు దీదీ నాకోసం శొంఠి లడ్డూలు తెచ్చింది. ఆవిడ ఛత్తీస్‌గఢీ మనిషి, గొంతు పెద్దది. "దర్వాజా ఖోలో," అంటూ వీధి తలుపు బాదుతోంది. ఆ మాట ఎంతో దూరం నుంచి, నీళ్ళలోంచి వచ్చినట్టు వినిపించింది. నేను తెలుగులో "గొలుసు లేదు, గొలుసు లేదు," అని అరుస్తున్నాను. అరిచాననుకున్నాను, ఎంత గొంతు బయటికొచ్చిందో దేవుడికెరుక. ఆవిడ ఇంక బతిమాలలేదు. పెరటి వైపు పరుగెత్తి ఇటుకతో మా గది కిటికీ అద్దం పగలగొట్టింది. చల్లగాలి మొహానికి కొట్టాక నా చెయ్యి కిందికి దిగి, ఏమీ ఎరగనట్టు గడియ లాగింది.

ఆసుపత్రిలో రెండు రోజులుంచారు. ముగ్గురం బతికాం. పాప మొదటి రోజు సాయంత్రానికే గుక్కపట్టి ఏడ్చింది, ఆ ఏడుపు విని నేను ఏడ్చాను. అమ్మ కళ్ళు తెరవగానే "పిల్ల?" అంది. బాగుందన్నాక గోడ వైపు తిరిగి పడుకుంది.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని ఇంట్లో ఉన్న గడియలన్నీ ఊడదీసేశారు. వీధి తలుపుతో సహా. ప్రేమతోనే చేశారు పాపం. ఆ తర్వాత మా తలుపులకి ఇటుకలే దిక్కయ్యాయి. ఒకరోజు సెక్టర్లో తిరిగే ఆవు ఇటుకని తోసుకుని వంటింటి దాకా వచ్చి, కాబేజీ పువ్వు మొత్తం తినేసి తీరిగ్గా వెనక్కి వెళ్ళింది. నేను స్నానానికి వెళితే గుమ్మానికి చీర కట్టుకుని, అమ్మని బయట కాపలా ఉంచేదాన్ని. నవ్వులాటగా చెబుతున్నాను కానీ, అప్పుడు నవ్వు రాలేదు. ఏ తలుపు మూసుకున్నా బొగ్గు వాసన వచ్చేది. బస్సు కిటికీలు మూస్తే దిగిపోయేదాన్ని.

అమ్మ సంగతి ఇంకా ఘోరం. కుంపటి పెరట్లోకి తీసుకెళ్ళి బోర్లించింది. పాపని మాలో ఎవరైనా ఎదురుగా ఉంటేనే ఎత్తుకునేది. నేను పెరట్లోకి వెళితే చాలు, పాపని మంచం మీద పెట్టేసి వచ్చి వీధి గుమ్మంలో కూర్చునేది.

"దాన్ని నా సేతికి ఒగ్గీసి ఎల్లిపోకే. నాను సంపీసీదాన్ని," అనేది.

"చంపలేదుగా," అనేదాన్ని విసుగ్గా. దాచడమెందుకు, నాకు అమ్మ మీద కోపం ఉండేది. ఆ వెంటనే జాలి వేసేది, జాలి వేసినందుకు మళ్ళీ కోపం వచ్చేది. మంచి కూతురిలా ఆవిడని దగ్గరికి తీసుకుని ఓదార్చింది ఏమీ లేదు. ఇద్దరం చెరో గుమ్మంలో కూర్చునేవాళ్ళం.

మార్చిలో ఆర్డరు వచ్చింది. ఏప్రిల్ ఒకటిన చేరాలి.

"ఇప్పుడెందుకులే, తర్వాత చూద్దాం," అన్నారు మా ఆయన.

తర్వాత అనేది ఉండదని ఆయనకీ తెలుసు. నేను చేరతానన్నాను. ఫైలు పొట్టకి అడ్డం పెట్టుకుని తెచ్చుకున్న ఉద్యోగం అది. దానికంటే పెద్ద కారణం ఇంకోటుంది. సొంత ఇంట్లో తలుపు మూసుకోలేని మనిషిగా మిగిలిపోవడం నాకు సుతరామూ ఇష్టం లేదు. పాపని చూసుకోవడానికి అమ్మకి తోడుగా పగలంతా వచ్చి కూర్చుంటానని దీదీ మాటిచ్చింది. ఆవిడ పాపని నోనీ అని పిలిచేది, వాళ్ళ భాషలో చిట్టితల్లి అన్నట్టు.

ఎక్స్‌ఛేంజి గది ఎలా ఉంటుందో నేను ఇంటర్వ్యూలో చూడలేదు. చూసి ఉంటే అంత పౌరుషం పలికేదాన్ని కాదేమో. కర్మాగారం నల్లదుమ్ము బోర్డు మీద పడకూడదని కిటికీలన్నీ శాశ్వతంగా బిగించేశారు. తలుపుకి స్ప్రింగు ఉంది, మనం వదిలిన మరుక్షణం దానంతటదే మూసుకుంటుంది. లోపల కూలర్ హోరు. గోడ పొడవునా బోర్డు, దాని నిండా చిన్న దీపాలు. దీపం వెలిగిన చోట తీగ గుచ్చి, అవతలివాళ్ళు చెప్పిన నంబరు మళ్ళీ పైకి చదివి, రెండో తీగ ఆ నంబరులో గుచ్చాలి. పని అంతే. ఆపరేటరుకి ఉన్న నియమం కూడా ఒక్కటే. మన బదులు కూర్చునే మనిషి హెడ్‌ఫోను పెట్టుకునేదాకా సీటు వదలకూడదు. ఎందుకంటే ఆ దీపాల్లో ఒకటి అంబులెన్సు కోసం వెలిగి ఉండొచ్చు.

మొదటి రోజు నేను పావుగంట కూర్చున్నాను. తలుపు మూసుకున్న శబ్దం విన్నాను, బొగ్గు వాసన వచ్చింది. మొదటి దీపం వెలిగింది. తీగ గుచ్చాను. చెవిలో ఎవరో నంబరు చెబుతున్నారు. గొంతు వినపడుతోంది, అంకెలు వినపడటం లేదు. "మళ్ళీ చెప్పండి," అన్నాను. మళ్ళీ చెప్పారు. నా చెవిలో నా రక్తమే హోరెత్తుతోంది. పక్కన ఇంకా ఐదు దీపాలు వెలుగుతున్నాయట, నాకు ఒక్కటే కనిపించింది. లేచి పరుగెత్తాను. హెడ్‌ఫోను తల మీదే ఉంది, దాని తీగ నా వెనకే ఈడ్చుకుంటూ వరండా దాకా వచ్చింది. గుమాస్తాలందరూ తలలెత్తి చూశారు.

మా సూపర్‌వైజరు మలయాళీ ఆవిడ. హిందీ తూచినట్టు మాట్లాడేది. నా వెనకే వరండాలోకి వచ్చి ముందు నా తల మీది హెడ్‌ఫోను తీసుకుంది, తర్వాత ఏమైందని అడిగింది. ఆవిడకి ఎందుకో అంతా చెప్పేశాను, కోక్ సంగతి, గొలుసు సంగతి. ఆవిడ మొహంలో జాలి ఏమీ కనిపించలేదు.

"నెలాఖరు వరకు ఎవరో ఒకరి పక్కన కూర్చుని నేర్చుకో," అంది. "ఆఖరి రోజున బోర్డు నీ ఒక్కదానికే ఇస్తాను. తొమ్మిది నుంచి ఐదు దాకా కూర్చున్నావా, ఉద్యోగం నీది. మధ్యలో లేచావా, మర్నాటి నుంచి రావద్దు."

ఆవిడ మాట నాకు ఒంటికి పడింది. ఓదార్పులు వినీ వినీ విసిగిపోయి ఉన్నాను.

ఆ సాయంత్రం మా ఆయనతో గడియలు మళ్ళీ బిగించమన్నాను.

"ఏటి, పిచ్చా నీకు?" అన్నారు.

"పిచ్చే. ముందుగా పడకగది తలుపుకి బిగించండి, తర్వాత వీధి తలుపుకి."

నా మొహం చూసి స్క్రూడ్రైవరు తెచ్చారు.

మర్నాటి నుంచి పని నుంచి రాగానే అదే నా తపస్సు. దీదీ వెళ్ళకముందే పాపని అమ్మ చేతికిచ్చి ముందు గదిలో కూర్చోబెట్టి, పడకగదిలోకి వెళ్ళి గడియ వేసుకుని, మంచం మీద పడుకుని కళ్ళు మూసుకునేదాన్ని. తర్వాత లేచి, కళ్ళు తెరవకుండా తలుపు దాకా నడవాలి. ఆరడుగులు. కుడిచెయ్యి రొమ్ము ఎత్తున చాచాలి, పిడి పైకి, తర్వాత పక్కకి. మొదటి రోజు ఆరడుగులు కాదు కదా, మంచం మీద పది లెక్కపెట్టేంతసేపు ఉండలేకపోయాను. కళ్ళు తెరిచి తలుపు మీద పడ్డాను. చెయ్యి మళ్ళీ గుమ్మం పైకి వెళ్ళింది. దాన్ని నేనే రెండో చేత్తో పట్టుకుని కిందికి లాగి, "ఇక్కడే, ఇక్కడ," అని తిట్టాను.

మూడో రోజో నాలుగో రోజో పైకి మాట్లాడటం మొదలుపెట్టాను. నాకేమవుతోందో నేనే చెప్పుకునేదాన్ని. "బొగ్గు వాసన వస్తోంది. గదిలో బొగ్గు లేదు. చెవులు మూసుకుపోతున్నాయి. ఇంకాసేపటికి తెరుచుకుంటాయి. అడుగు ఒకటి. అడుగు రెండు." పక్క గదిలో అమ్మకి వినిపించేది. కూతురికి మతి పోయిందని అనుకుని ఉంటుంది. అలా చెప్పుకోబట్టే నాకు ఆ వరస పట్టుబడింది. భయం నా దగ్గరికి ఎప్పుడూ ఒకే దారిన వచ్చేది, షిఫ్టు బస్సులా ఆగిన చోటే ఆగుతూ. ముందు ముక్కు, తర్వాత చెవి, తర్వాత కన్ను. తర్వాతి మజిలీ ఏదో తెలిశాక కంగారు సగం తగ్గింది. మిగతా సగం అలాగే ఉంది. ధైర్యం వచ్చిందని నేను ఎప్పుడూ చెప్పను, దానితో పరిచయం అయిందంతే.

రెండు వారాలకి ఆరడుగులు కళ్ళు మూసుకుని నడిచి, గడియ ఒక్క లాగుడులో తీసేదాన్ని. ఇరవై రోజులకి గడియ వేసుకుని లోపల పావుగంట కునుకు తీశాను. లేచి తలుపు తీసేసరికి అమ్మ పాపని పట్టుకుని సరిగ్గా గుమ్మం ఎదురుగా నిలబడి ఉంది, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వూ చెయ్యమ్మా. నేర్పిస్తాను," అన్నాను.

"నాకొద్దు. ఆ గడియ నాను ముట్టుకోను," అని పాపని నాకిచ్చేసింది.

ఆవిడని బలవంతపెట్టడానికి నాకు ఓపిక లేదు. నా భయానికే నాకు పొద్దు చాలడం లేదు.

నెలాఖరు వచ్చింది. దానికి రెండు రోజుల ముందు దీదీ వచ్చి, అక్తీ పెళ్ళిళ్ళకి, అంటే మన అక్షయ తృతీయకి, వాళ్ళ ఊరు వెళ్ళాలంది. వాళ్ళ అన్న కూతురి పెళ్ళి, మానడానికి లేదు. మా ఆయనకి ఆ రోజు సెలవు దొరకలేదు. అంటే పొద్దున్న నుంచి సాయంత్రం దాకా ఇంట్లో అమ్మ, పాప, ఇద్దరే.

ఆ పొద్దున్న నేను చీర కట్టుకుంటుంటే అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఈ ఒక్క రోజుకీ ఎల్లకు. నాను ఉండనేనే."

"ఈ ఒక్క రోజే వెళ్ళాలి."

"పిల్లకేటైనా అయితే?"

నాకూ అదే ప్రశ్న. అది పైకి ఒప్పుకుంటే అక్కడే కూలబడిపోతాను. "ఉండలేకపోతే పిల్లని ఎత్తుకుని అరుగు మీద కూర్చో. సీసాలు కడిగి పెట్టాను. పాలు మూడుసార్లు పట్టు. నేను ఐదున్నరకి వస్తాను," అని కటువుగా చెప్పి, ఆవిణ్ణి తప్పించుకుని వెళ్ళిపోయాను. మలుపు దాకా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

సూపర్‌వైజరు తన కుర్చీ గది మూలకి జరుపుకుని, స్వెటరు అల్లుకుంటూ కూర్చుంది. ఏప్రిల్ ఆఖర్న స్వెటరేమిటో నాకు అర్థం కాలేదు. నన్ను ఒక్కసారి కూడా చూడలేదు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా దీపాల వెంట పడి పరుగెత్తడంతోనే సరిపోయింది. రెండు గంటలప్పుడు కరెంటు పోయి కూలర్ ఆగింది. బోర్డు బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి దీపాలు మాత్రం ఉన్నాయి. హోరు ఆగేసరికి గది ఒక్కసారి బిగుసుకుంది. బొగ్గు వాసన వచ్చింది.

"వచ్చావా," అన్నాను లోపల. తర్వాత చెవులని తెలుసు. హెడ్‌ఫోను చెవికి చేత్తో అదిమి పట్టుకున్నాను. ఎవరో మిల్లు హోరులోంచి నంబరు అరుస్తున్నారు. మొదటి అంకె విన్నాను, పైకి చదివాను. రెండోది విన్నాను, పైకి చదివాను. మూడోది. నా గొంతుతో నేనే అనుకున్నాక అంకెలు జారిపోలేదు. తీగ గుచ్చాను. తర్వాత తల కావాలని అటూ ఇటూ తిప్పి, వెలుగుతున్న దీపాలన్నీ ఒక్కొక్కటే చూశాను. నాలుగున్నాయి. నాలుగూ అందుకున్నాను.

గది భయం అలా దారికొచ్చింది. దాని కింద ఇంకొకటి ఉంది. ఇంట్లో పాప. అమ్మ దాన్ని మంచం మీద ఒంటరిగా వదిలేసి గుమ్మంలో కూర్చుందేమో, అది బోర్లా పడిందేమో, పాలు పట్టిందో లేదో. ఊళ్ళోని ఫోన్లన్నీ నా చేతిలో ఉన్నాయి, మా ఇంటికి మాత్రం ఫోను లేదు. ఆ భయానికి వరసా వావీ లేదు, ఏ విద్యా పనిచెయ్యలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే తుడుచుకుంటూనే నంబర్లు చదివాను. లేవాలనిపించిన ప్రతిసారీ రెండు మడమలూ కుర్చీ కోళ్ళకి బిగించి పట్టుకున్నాను.

ఐదు గంటలకి సూపర్‌వైజరు అల్లిక పక్కన పెట్టి, రెండో హెడ్‌ఫోను తన తలకి పెట్టుకుని, అప్పుడు నన్ను లేవమన్నట్టు తల ఊపింది.

"రేపు తొమ్మిదికి," అంది. అంతే.

బస్సు దిగేసరికి ఆంధీ మొదలైంది. వేసవి సాయంత్రాల్లో అక్కడ లేచే దుమ్ముగాలి అది, ఆకాశమంతా ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది. కొంగు మొహానికి చుట్టుకుని పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చాను. అరుగు మీద ఎవరూ లేరు. గుమ్మంలో ఎవరూ లేరు. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. వీధి తలుపు తోశాను, రాలేదు. లోపల గడియ వేసి ఉంది.

మూడున్నర నెలలుగా ఆ ఇంట్లో నేను తప్ప ఎవరూ గడియ వెయ్యలేదు. తలుపు బాదాను. "అమ్మా," అన్నాను. జవాబు లేదు. బొగ్గు వాసన గుప్పుమంది. చెవులు మూసుకుపోయాయి, ఆంధీ హోరు కూడా వినపడటం మానేసింది. కంటికి తలుపు చెక్క తప్ప ఇంకేమీ లేదు. నా చెయ్యి గుమ్మం పైకి, గొలుసు కోసం లేచింది. లేచిన చేతిని చూశాను. కిందికి దించాను.

"బొగ్గు లేదు. కుంపటి పెరట్లో బోర్లించి ఉంది. చెవులు తెరుచుకుంటాయి. విను," అని పైకే అన్నాను. తలుపుకి చెవి ఆనించి, ఊపిరి బిగపట్టి, హెడ్‌ఫోనులో సన్నటి గొంతు కోసం వెతికినట్టు వెతికాను. ముందు గాలి వినిపించింది. తర్వాత లోపలి నుంచి, మెల్లగా, ఒక్కో మాటకీ ఆగుతూ, అమ్మ గొంతు.

"తొమ్మిది... పది... పదకొండు..."

మా గది తలుపుకి ఆరడుగులే. నేను ఆరే లెక్కపెట్టేదాన్ని, అమ్మ విన్నదీ ఆరే. మంచం నుంచి ముందు గది దాటి వీధి తలుపు దాకా ఎన్నో నేనెప్పుడూ కొలవలేదు. ఎవరూ లేని ఆ పగలు ఆవిడే కొలుచుకుంది, ఎన్నిసార్లు నడిచిందో ఏమో.

"పన్నెండు. పదమూడు."

పిడి పైకి తిరిగింది, గడియ ఒక్క లాగుడులో పక్కకి జరిగింది. తలుపు తెరుచుకుంది. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది, కళ్ళు గట్టిగా మూసుకుని. పాప ఆవిడ భుజం మీద తల వాల్చి నిద్రపోతోంది, దాని పెదవి మీద పాల తడి ఇంకా ఆరలేదు. అమ్మ రెండో చెయ్యి గడియ మీదే ఉంది.

"దుమ్మొచ్చీసిందని ఏసీసేను," అంది, కళ్ళు తెరవకుండానే. "తలుపు కొడితే బదులు సెప్పలేకపోనాను. మాటాడితే లెక్క తప్పిపోతాది. నువ్వేనా?"

"నేనేనమ్మా," అన్నాను.

"ఉద్యోగం?"

"ఉంది."

లోపలికి వచ్చాను. గాలికి తలుపు టపటపా కొట్టుకుంటోంది. పాపని తీసుకోబోతే అమ్మ ఇవ్వలేదు. కళ్ళు తెరిచి, పాపని భుజం మీద ఇంకాస్త పైకి ఎగదోసుకుని, నా వెనకాల తనే తలుపు మూసి గడియ వేసింది.